వెనరబుల్‌కి బొమ్మ కావాలి

“ముసలాయన,” అన్నాడు సెక్యూరిటీ బాబాయ్, కాగితాన్ని కళ్ళజోడుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని.

“ముసలాయనే. ఎలాంటి ముసలాయన?” అంది ఎడిటరమ్మాయి.

“గడ్డం ఉన్న ముసలాయన.”

తర్వాత టీ అక్క వంతు. ఆవిడ తడిచేతులు తుడుచుకుని, బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, “పాపం, ఈయనకి మోకాళ్ళ నొప్పులమ్మా. కూర్చున్న తీరు చూస్తే తెలియట్లా?” అంది.

అకౌంటెంటుగారు అంత సేపు కూడా ఆలోచించలేదు. “రిటైర్మెంట్,” అనేసి మళ్ళీ ఫైళ్ళలో తల దూర్చేశాడు.

మూల బల్ల దగ్గర కూర్చున్న, ఆ బొమ్మ గీసిన పెన్సిల్ ముఖం మాడిపోయింది. ఇతనికి అమ్మానాన్నలు పెట్టిన మంచి పేరే ఒకటుంది. కానీ చెవిమీద పెన్సిల్ పెట్టుకుని దాని కోసం ఆఫీసంతా గాలించే మనిషిని వేరే పేరుతో పిలవాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది చెప్పండి? చేరిన వారానికే అందరికీ పెన్సిలయిపోయాడు.

అది నిఘంటువులు తయారుచేసే ఆఫీసు. పాత మేడ, రెండో అంతస్తు, ఎప్పుడూ బాగుచేస్తూనే ఉండే లిఫ్టు. అప్పుడు పిల్లల కోసం ఇంగ్లిష్ మాటలకి తెలుగు అర్థాలతో బొమ్మల నిఘంటువు ఒకటి తయారవుతోంది. అక్కడ పెద్దసారు పెట్టిన నియమం ఒకటుంది. బొమ్మ కింద మాటని తెల్లచీటీతో కప్పేసి, ఆ మాట తెలియని ముగ్గురికి చూపించాలి. ఇద్దరైనా సరిగ్గా చెబితే బొమ్మ పుస్తకంలోకి, చెప్పకపోతే చెత్తబుట్టలోకి. ఆఫీసులో దీన్ని ‘కప్పుడు పరీక్ష’ అంటారు.

గొడుగు, గుర్రం, నిచ్చెన లాంటివి కళ్ళు మూసుకుని గీసినా పాసయిపోతాయి. చిక్కంతా విశేషణాలతోనే. బ్రేవ్ అనే మాటకి పెన్సిల్ చెమటోడ్చి, పులికి ఎదురు నిలబడ్డ మనిషిని గీస్తే, టీ అక్క చూసి “బుద్ధిలేనివాడు” అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

ఇప్పుడు చీటీ కింద ఉన్న మాట వెనరబుల్. అంటే పూజ్యుడు, అందరూ తలవంచి గౌరవించే పెద్దమనిషి.

ఎడిటరమ్మాయి బొమ్మని మూల బల్ల మీద పెట్టింది. “మళ్ళీ గీయాలి.”

పెన్సిల్ అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆమె వస్తే చాలు, కుర్చీలో స్ప్రింగ్ ఉన్నట్టు లేస్తాడు. “సరే మేడమ్.”

“మీకు కోపం రాదా?”

“రాదు మేడమ్.”

“వచ్చింది. చెవులు ఎర్రగా ఉన్నాయి.”

“అవి పుట్టినప్పట్నించీ అంతే మేడమ్.”

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. అతను నేల చూస్తున్నాడు కాబట్టి ఆ నవ్వు వృథాగా పోయింది. ఆ అమ్మాయికి ఒళ్ళు మండింది. “కూర్చోండి బాబూ, నేనేం మీ హెడ్మాస్టర్ని కాదు,” అనేసి వెళ్ళిపోయింది.

ఈ భయభక్తులకి కారణం లేకపోలేదు. చేరిన రోజున అతను గీసిన మొదటి బొమ్మ చూసి అకౌంటెంటుగారు “అదిగో, ఫుల్‌స్టాప్‌కి చూపించు” అన్నాడు. ఆమె నోరు తెరిస్తే ఎంతటి వాదమైనా అక్కడితో ఆగిపోతుందని ఆఫీసులో ఆమెకి చాటుగా పెట్టిన పేరది. చాటుపేరని ఇతనికేం తెలుసు? తిన్నగా వెళ్ళి, “నమస్తే ఫుల్‌స్టాప్ మేడమ్” అన్నాడు. ఆఫీసంతా ఊపిరి బిగబట్టింది. ఆమె క్షణంపాటు గుడ్లప్పగించి చూసి, తర్వాత ఎంతలా నవ్విందంటే చేతిలో టీ, దిద్దుతున్న ప్రూఫుల మీద ఒలికింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్న ఆ ముఖాన్ని చూస్తూ పెన్సిల్ అక్కడే పడిపోయాడు. ప్రేమలోనే లెండి, నేల మీద కాదు.

ఆమె పెద్దసారి మనవరాలని, రెండు ఎమ్మేలు చేసిందని తెలిశాక అతని గుండె జారిపోయింది. నాలిక్కరుచుకుని ఆనాటి తప్పుకి ఈనాటి దాకా దండం పెడుతూనే ఉన్నాడు. మాటకి ముందు మేడమ్, మాటకి వెనక మేడమ్. ఆ గౌరవం అలా పెరిగి పెరిగి ఇద్దరి మధ్యా గోడై కూర్చుంది.

పుస్తకంలో మిగతా బొమ్మలన్నీ అయిపోయాయి. ఇదొక్కటి పాసయితే పెన్సిల్‌కి ఇక్కడ పనుండదు. వేరే ఊళ్ళో కార్టూన్లు తీసే కంపెనీ ఒకటి అతన్ని రమ్మంటోంది, శుక్రవారంలోగా ఏ సంగతో చెప్పాలి. వెళ్ళేలోపు ఆమెతో మనసులో మాట చెప్పాలని అతనికి ఎంతగానో ఉంది. చెబితే నవ్వుతుందేమో! నవ్వితే ఫర్వాలేదు, ఆ నవ్వు అతనికి ఇష్టమే. జాలి పడితే మాత్రం తట్టుకోలేడు.

రెండో బొమ్మకి అతను గడ్డం తీసేశాడు. ఎత్తు కుర్చీలో ఒక పెద్దాయన, చుట్టూ వినయంగా వంగి నిలబడ్డ నలుగురు మనుషులు. పెద్దాయన ముఖంలో పెద్దసారి పోలికలు కాస్త పడ్డాయి కూడా.

“ఈయనకి చెవుడు. అందుకే వంగి చెప్తున్నారు,” అన్నాడు సెక్యూరిటీ బాబాయ్.

“కుర్చీ కింద ఏదో పడిపోయింది. అందరూ వెతుకుతున్నారు,” అంది టీ అక్క.

“సెలవు అడుగుతున్నారు. ఆయన ఇవ్వడు,” అన్నాడు అకౌంటెంటుగారు. ఆ ముఖం ఎక్కడో చూసినట్టుంది కాబోలు.

ఆ మధ్యాహ్నం టీ గదిలో ఎడిటరమ్మాయి తనే వచ్చి పెన్సిల్ ఎదురుగా కూర్చుంది. అతను లేవబోయాడు. “లేచారంటే ఈ టీ మీ నెత్తిన పోస్తాను,” అంది. అతను కూర్చున్నాడు.

“మీరు ముసలితనాన్ని గీస్తున్నారు,” అంది ఆమె. “అందుకే వాళ్ళకి గడ్డాలూ మోకాళ్ళూ కనిపిస్తున్నాయి.”

“అర్థంలో వయసు ఉంది కదా మేడమ్?”

“ఉంది. వయసువల్లో, జ్ఞానంవల్లో, మంచితనంవల్లో మన గౌరవం పొందినవాళ్ళని వెనరబుల్ అంటాం. ఏళ్ళ తరబడి నిలిచిన కట్టడాన్నీ అంటాం. కానీ ఊరికే వయసు మీదపడితే సరిపోదు. మా వీధి చివర ఒకాయన ఉన్నాడు. తొంభైకి దగ్గరపడ్డాడు, పొద్దున లేచింది మొదలు అందరినీ తిట్టడమే పని. ఆయన్ని వెనరబుల్ అంటామా?”

“అనం మేడమ్. తప్పుకుని పోతాం.”

“చూశారా! ఆ మాట మూలం లాటిన్‌లో ఒక క్రియ. భక్తిగా చూడడం, ఆరాధించడం అని. అంటే ముందు చూసేవాడు ఉండాలి. వాడి మనసులో ఏదో కలగాలి. ఆ తర్వాతే ఎదుటి మనిషి వెనరబుల్ అవుతాడు.”

పెన్సిల్ చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది. “అయితే నేను గీయాల్సింది పెద్దాయన్ని కాదు. ఆయన్ని చూస్తున్నవాడి ముఖం.”

“అదే! ఇన్నాళ్ళకి!” ఆమె బల్ల మీద చరిచింది.

“మరి ఆ లాటిన్ క్రియ ఎక్కణ్ణించి వచ్చింది మేడమ్?”

ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది. గబుక్కున టీ తాగి నాలుక కాల్చుకుంది. “అది... అది పిల్లలకి అక్కర్లేదు,” అని, కిటికీలోంచి మబ్బులవైపు చూస్తూ, “శుక్రవారంలోగా చెప్పాలటగా వాళ్ళకి?” అంది.

“మీకెవరు చెప్పారు?”

“టీ అక్క. మంచి ఉద్యోగమటగా?”

“అవును మేడమ్.”

“వెళ్తున్నారా?”

వెళ్ళనా వద్దా అని అడగడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. కానీ మనవాడు నీళ్ళు నమిలాడు. “ఇక్కడ పని అయిపోతోంది కదా మేడమ్.”

“అవును. అయిపోతోంది,” అని ఆమె కప్పు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. సగం టీ అలాగే ఉండిపోయింది. తనేం తప్పు మాట్లాడాడో తెలియక అతను తల గోక్కున్నాడు.

ముఖంలో భావం గీయాల్సివస్తే పెన్సిల్ ఎదురుగా చిన్న అద్దం పెట్టుకుని తన ముఖాన్నే చూసి గీస్తాడు. ఆ సాయంత్రం అద్దం ముందు కూర్చుని చిన్నప్పటి లెక్కల మాస్టారిని తలుచుకున్నాడు. అద్దంలో హోంవర్కు చేయని వెధవ కనిపించాడు. అమ్మని తలుచుకున్నాడు. ముఖం మెత్తబడింది కానీ ఆకలేస్తున్నట్టుగా ఉంది. ఊళ్ళో పెద్దలందరినీ వరసగా తలుచుకున్నాడు, ఒక్కరూ పనికిరాలేదు.

అప్పుడు తల తిప్పితే గాజు తలుపు అవతల ఎడిటరమ్మాయి కనిపించింది. ప్రూఫులో ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసింది. అదీ నచ్చక కొట్టేసింది. పెదవులు కదుపుతూ ఏడేళ్ళ పిల్లకి చెబుతున్నట్టు ఆ వాక్యాన్ని తనలో తను చదువుకుంది. మళ్ళీ రాసింది. ఎక్కడో ఉన్న, ముఖమైనా ఎరగని పిల్లలకి అర్థం కావాలని ఒక్క వాక్యంతో అంత యాతన! పెన్సిల్‌కి ఆమె అంటే కొండంత గౌరవం కలిగింది. అద్దంలోకి చూసుకున్నాడు. ముఖం కుదిరింది.

గబగబా గీశాడు. ఎవరూ పోల్చుకోకుండా ఆ ముఖానికి గుబురు మీసం పెట్టాడు, జుట్టు రింగులు తిప్పాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

మర్నాడు వాన. దబదబా కొట్టే వాన కాదు, పొద్దున మొదలై ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా కురుస్తున్న వాన. ఎడిటరమ్మాయి మాట మీద చీటీ అంటించి బొమ్మని సెక్యూరిటీ బాబాయ్ చేతికిచ్చింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఈ అబ్బాయి ఎవర్నో ప్రేమిస్తున్నాడు.”

పెన్సిల్ గబుక్కున వంగి బల్ల కింద ఏదో వెతకసాగాడు.

“సరిగ్గా చూడండి బాబాయ్. గౌరవం... అంటే, ఇంకేదైనా కనిపిస్తోందేమో,” అంది ఎడిటరమ్మాయి.

“చూశానమ్మా. ప్రేమే.”

టీ అక్క బొమ్మ లాక్కుంది. “ప్రేమే. అందులోనూ చెప్పుకోలేని ప్రేమ! చూడండి, పిల్లాడు ఎలా చిక్కిపోయాడో. ఆ అమ్మాయి ఎవరోగానీ రాయి అయ్యుండాలి!”

అకౌంటెంటుగారు చాలాసేపు చూశాడు. ఆయన ఒక బొమ్మని అంతసేపు చూడగా ఎవరూ ఎరగరు. “మా ఆవిడ అప్పట్లో బస్సెక్కేటప్పుడు నేనూ ఇలాగే చూసేవాణ్ణి,” అన్నాడు మెల్లగా. అంతలోనే ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. బొమ్మలో మీసాన్ని చూపుడువేలితో కప్పి, మూల బల్ల వైపు చూశాడు. “ఇది మన పెన్సిల్ కదూ?”

టీ అక్క “అయ్యబాబోయ్!” అని నోరు నొక్కుకుంది. సెక్యూరిటీ బాబాయ్ బొమ్మనీ మనిషినీ మార్చిమార్చి చూశాడు. పెన్సిల్ పాలిపోయి నిలబడ్డాడు. పుస్తకానికి గీసిన బొమ్మ, నియమం ప్రకారం జరిగిన పరీక్ష, అందరి ముందూ అతని గుట్టు రట్టు చేసి కూర్చున్నాయి.

ఎడిటరమ్మాయి ఎవరి ముఖమూ చూడకుండా బొమ్మ తీసుకుని పెద్దసారి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

“బాబాయ్, నా గొడుగేదీ?” అన్నాడు పెన్సిల్. అంత అవమానం అయ్యాక ఇంకెందుకిక్కడ? ఆ కార్టూన్ల కంపెనీకి ఇప్పుడే సరేనని చెప్పేసి పోదామనుకున్నాడు.

“గొడుగు తర్వాత. పెద్దసారు పిలుస్తున్నారు,” అన్నాడు బాబాయ్, తలుపు సందులోంచి కదిలిన చెయ్యి చూసి.

గదినిండా పుస్తకాలు. కుర్చీల మీద కూడా పుస్తకాలే కాబట్టి కూర్చోమని ఎవరూ అనలేదు. పెద్దసారు బొమ్మని బల్లదీపం కింద పెట్టుకుని చూస్తున్నాడు. ఎడిటరమ్మాయి కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడింది.

“మాట ఏమిటో ముందే తెలుసు కాబట్టి పరీక్షకి నేను పనికిరాను,” అన్నాడు పెద్దసారు. “కానీ ఒక సందేహం. వీడు ఎవర్ని చూస్తున్నాడు?”

మా లెక్కల మాస్టారిని అంటే సరిపోయేది. ఎవరూ కాదనరు. మర్యాదగా శుక్రవారం బండెక్కి వెళ్ళిపోవచ్చు, జన్మంతా నోరు మూసుకుని బతికెయ్యొచ్చు. పెన్సిల్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే, గుండె చిక్కబట్టుకున్నాడు.

“మీ మనవరాలిని సార్.”

కిటికీ దగ్గరి వీపు బిగుసుకుంది.

“గౌరవంగానేనా?”

“గౌరవంగానే సార్. గౌరవమే గీద్దామని కూర్చున్నాను. అదొక్కటీ విడిగా రాలేదు.”

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. ఆయన కోప్పడతాడనుకున్నాడు పెన్సిల్. ఆయన మనవరాలివైపు తిరిగాడు. “వెనరబుల్‌కి మూలం ఇతనికి చెప్పావా?”

“సగం చెప్పాను తాతయ్యా,” అంది ఆమె తిరక్కుండానే.

“మిగతా సగం?”

ఆమె కిటికీ ఊచకే చెబుతున్నట్టు చెప్పింది. “ఆ లాటిన్ క్రియ వెనక ఇంకో మాటుంది. వీనస్. దేవత పేరు కాకముందు అది మామూలు మాట. ఇష్టం, కోరిక, ప్రేమ అని.”

“మన ‘వనిత’ అనే మాట కూడా ఆ కుదురులోదే అంటారు భాష తెలిసినవాళ్ళు,” అన్నాడు పెద్దసారు. “ఇష్టమైన మనిషి అని దానికి అర్థం. ముందు ఇష్టం పుట్టిందోయ్. ఆ ఇష్టం ముదిరి ఆరాధన అయింది, ఆ ఆరాధనలోంచి గౌరవం వచ్చింది. మనం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయి, నెరిసిన జుట్టు కనిపిస్తే చాలు దండం పెట్టేస్తున్నాం. బయట ఆ ముగ్గురూ నీ బొమ్మలో మొదలే చూశారు.”

పెన్సిల్ ఆమె వైపు తిరిగాడు. మొట్టమొదటిసారి మేడమ్ అనడం మర్చిపోయాడు. “నిన్న టీ దగ్గర అందుకేనా చెప్పలేదు?”

“ఎలా చెప్పను?” ఆమె గిరుక్కున తిరిగింది. కళ్ళలో నీళ్ళు, గొంతులో కోపం. “గౌరవం మొదలు ప్రేమేనండీ అని, రోజూ లేచి నిలబడి నన్ను గౌరవించి చంపే మనిషికి నేను చెప్పాలా? చెబితే ఇంకేమైనా మిగులుతుందా నాకు?”

“ఇంకో సంగతి విను,” అన్నాడు పెద్దసారు తాపీగా. “ఈ మాటకి బొమ్మ వద్దని నేనెప్పుడో చెప్పాను. పిల్లల పుస్తకంలో అన్నిటికీ బొమ్మలెందుకు? ఈ పిల్లే పట్టుబట్టింది.”

“తాతయ్యా!”

“అబద్ధమా?”

ఫుల్‌స్టాప్ మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

పెద్దసారు బొమ్మని మనవరాలి చేతిలో పెట్టాడు. “నియమం నియమమే. ముగ్గురిలో ఒక్కరూ మాట చెప్పలేదు కాబట్టి ఇది పుస్తకంలోకి వెళ్ళదు. నీ దగ్గర ఉంచుకో. నాకైతే ఈ అబ్బాయి నచ్చాడు. అబద్ధం చేతికందేంత దూరంలో ఉన్నా తీసుకోలేదు. మిగతాది మీరిద్దరూ తేల్చుకోండి, మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఇక నడవండి, నాకు ప్రూఫులున్నాయి.”

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. పైన రేకుల మీద వాన జోరందుకుంది. ఆమె బొమ్మని గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుంది. అతను పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. తేల్చుకోమన్నారు సరే, ఎవరు మొదలెట్టాలి? ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని మళ్ళీ వాన వైపు చూశారు.

ఇంతలో అతని ఫోన్ మోగింది. అమ్మ.

“ఏరా, వాళ్ళకి సరేనని చెప్పేశావా?”

“లేదమ్మా. చెప్పను.”

“అదేంట్రా?”

“ఇక్కడ ఒక అమ్మాయి ఉందమ్మా.”

“ఏముంది? వినపడట్లా, ఏదో హోరు.”

“అమ్మాయి! నాకిష్టమైన అమ్మాయి!”

“గట్టిగా చెప్పరా!”

“నేనొక అమ్మాయిని ప్రేమిస్తున్నానమ్మా!” అని అరిచాడు పెన్సిల్. లోపల కీబోర్డుల టకటకలు ఆగిపోయాయి. కింది అంతస్తులో ఎవరో ఈల కూడా వేశారు.

అవతల అమ్మ గొంతు మెత్తబడింది. “మంచిదే నాన్నా. ఆ పిల్లకి చెప్పావా మరి?”

అతను ఆలోచించాడు. పరీక్షలో ముగ్గురికి తెలిసింది. పెద్దసారికి తనే చెప్పాడు. అమ్మకి అరిచి చెప్పాడు.

“లేదమ్మా.”

“ఓరి నీ తెలివి! ఫోన్ పెట్టెయ్ ముందు!”

పెట్టేశాడు. ఆమె అక్కడే ఉంది, నవ్వుతోంది. కళ్ళు మాత్రం ఇంకా తడిగానే ఉన్నాయి.

“విన్నారు కదా,” అన్నాడు.

“మీ అమ్మగారికి చెప్పింది విన్నాను. నాకేమీ చెప్పలేదు.”

ఈసారి అరవాల్సిన పని లేదు. దగ్గరికి వెళ్ళి చెప్పాడు. “మీరంటే నాకు ప్రాణం. చేరిన రోజునించీ. చెబితే జాలిపడతారేమోనని భయపడి చచ్చాను.”

“నేనూ చచ్చాను,” అంది ఆమె. “వెళ్ళొద్దని చెప్పే హక్కు నాకు ఉందో లేదో తెలియక, ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడాను. అది అయిపోతే ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్ళకండి.”

“వెళ్ళను. మీ తాతగారు పనివ్వకపోతే కింద రోడ్డు మీద కూర్చుని బొమ్మలు గీసుకుంటాను.”

“రోడ్డెందుకు? ఇంకో నిఘంటువు మొదలవుతోంది, అందులో విశేషణాలు ఇంకా ఎక్కువ,” అని ఆమె అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, మళ్ళీ అతనికే ఇచ్చింది. “ముందు మీ అమ్మగారికి చెయ్యండి. ఆ పిల్ల ఒప్పుకుందని చెప్పండి. ఎదురుచూస్తుంటారు పాపం.”

అతను నంబరు నొక్కాడు. మొదటి రింగు పూర్తికాకముందే అవతల అమ్మ ఫోన్ ఎత్తింది.